ఎత్తుకునేవాళ్ళు పదిమంది

భోగికి ముందు రోజు రాత్రి, పదికి అయిదు నిమిషాలు తక్కువ. పొద్దున్న మంటలో వెయ్యడానికి మా అబ్బాయి విరిగిన కుర్చీ ఒకటి కిందకి దించి వచ్చాడు. అత్తగారు మాత్ర వేసుకుని పడుకున్నారు. ఈసారి పిండివంటలేవీ ఇంట్లో పెట్టుకోలేదు. అరిసెలు, జంతికలు, సున్నుండలు అన్నీ కొనేశాం. పెళ్ళయిన పందొమ్మిదేళ్ళలో పండగ ముందు రాత్రి నా గోళ్ళలో బియ్యప్పిండి లేకపోవడం ఇదే మొదలు. సోఫాలో కాళ్ళు చాపుకుని, రాబోయే నాలుగు రోజులూ ఏమీ చెయ్యకుండా ఎలా గడపాలా అని తీరిగ్గా ఆలోచిస్తున్నాను.

కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీస్తే మా మరిది. ఒక చేతిలో సూట్‌కేసు, ఇంకో చంకలో డైపర్ల ప్యాకెట్టు. వెనకాల మా తోడికోడలు, భుజాన దుప్పటి మూట. ఆ మూటలో మూడు నెలల పిల్ల.

"పడుకున్నారా వదినా?" అన్నాడు, ఏదో పక్క వీధి నుంచి వచ్చినట్టు.

నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చిన ఆలోచన, ఫ్రిజ్‌లో పెరుగెంత ఉంది అని. రెండోది, ఎవరిని ఏ మంచం మీద సర్దాలి అని. మూడోది, ఒక్క ఫోన్ చేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది అని. పిల్ల మొహం ఎలా ఉందో చూడాలన్నది నాలుగో ఆలోచన. ఇది చదివి నన్ను రాతిగుండె మనిషి అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. కానీ అదే గుమ్మంలో నా పక్కనే నిలబడ్డ మా ఆయనకి మొదటి మూడు ఆలోచనలూ రాలేదు. నేరుగా నాలుగోదానికే వెళ్ళి "రండి రండి, ఏదీ నా బంగారు తల్లి" అని చేతులు చాపేశాడు. ఆయన గుండె నాకంటే మెత్తన అని కాదు. పెరుగు సంగతి ఆయన చూసుకోనక్కర్లేదు, అంతే.

తిథి చూసుకోకుండా వచ్చేవాడే అతిథి అని పెద్దలు ఎంత గొప్పగా అన్నారో అంటూ మనవాళ్ళు మురిసిపోతుంటారు. ఆ మాట వంటింట్లో గరిటె పట్టుకుని ఉన్న మనిషి నోట్లోంచి రాగా నేనింతవరకు వినలేదు. ఎప్పుడూ హాల్లోంచే వినబడుతుంది.

ఇంతలో అత్తగారు లేచి వచ్చారు. మనవరాలిని చూసి ఆవిడ మొహం వెలిగింది, వెంటనే ముడుచుకుంది. "ధనుర్మాసం ఇంకా వెళ్ళలేదురా. ముహూర్తం లేదు, సారె లేదు, పసిగుడ్డుని ఇలా రాత్రిపూట గడప దాటిస్తార్రా ఎవరైనా?" మా వైపు ఆనవాయితీ ప్రకారం పుట్టింట్లో పురుడు పోసుకున్న పిల్ల, మూడో నెలలోనో అయిదో నెలలోనో మంచిరోజు చూసుకుని, సారెతో, బిడ్డతో అత్తవారింటికి రావాలి. ఇది మూడో నెలే, కానీ భోగితో గాని ధనుర్మాసం వదలదు. తల్లీ బిడ్డా గుమ్మం బయట, దోమల్లో. మా మరిది సూట్‌కేసు మీద కూలబడ్డాడు. అత్తగారు ఒక నిమిషం ఆలోచించి తీర్పు చెప్పారు: "ఇది పెద్దాడి ఇల్లు. చిన్నాడి ఇల్లు కాదుగా. చుట్టం చూపుగా వచ్చినట్టు లెక్క. అయిదో నెలలో సారెతో వచ్చినప్పుడే మనింటికి వచ్చినట్టు." ఇరవయ్యేళ్ళుగా ఆవిడ ఉంటున్నది ఈ ఇంట్లోనే. అయినా సుప్రీంకోర్టు తీర్పు కదా, ఎవరూ మాట్లాడలేదు. పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి రానిచ్చారు.

వాళ్ళు వచ్చింది రాజమండ్రి నుంచి. రెండు వందల కిలోమీటర్లు ఉంటుంది, మామూలు రోజుల్లో నాలుగు గంటల దారి. పండగ బండ్లన్నీ 16వ నంబరు హైవే మీదే ఉండటంతో ఏడు గంటలు పట్టిందట. బయల్దేరేటప్పుడు పుట్టింట్లో చెప్పింది విశాఖపట్నం వస్తున్నామని కాదు, అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి దర్శనం చేసుకుని రాత్రికి వచ్చేస్తామని. అన్నవరం దాటాక, తుని దగ్గర టీకి ఆగినప్పుడు, "అమ్మా, ఎలాగూ సగం దూరం వచ్చేశాం కదా" అని ఫోన్ చేశారు. పిల్ల దారి పొడుగునా తల్లి ఒళ్ళోనే. పిల్లల్ని బండిలో బెల్టుతోనో, వాళ్ళకి తగ్గ బెల్టు సీటులోనో కట్టి ఉంచకపోతే వెయ్యి రూపాయలు జరిమానా అని 2019లో చట్టం మార్చారు. ఆ సీటు ఉన్న కారు మా చుట్టాల్లో ఒక్కరికీ లేదు. మా మరిదికి ఈ సంగతి ఆ రాత్రే చెప్పాను. "వదినా, అన్నం పెట్టి తిట్టు" అన్నాడు.

అన్నం పెట్టాను. ఉన్న పెరుగు సరిపోలేదు.

మాది ఎంవీపీ కాలనీలో రెండు పడకగదుల ఫ్లాటు. ఒక గదిలో అత్తగారు, ఇంకో దాంట్లో మేము, హాల్లో మా అబ్బాయి. మా గది వాళ్ళకిచ్చి మేము హాల్లో పరుపు వేసుకున్నాం. ఇంటర్ చదివే మా వాడు బాల్కనీ పక్కకి జరిగాడు. రాత్రి రెండింటికి పిల్ల ఏడుపు వినబడి లేచి చూస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది. మా తోడికోడలు ఒక చేత్తో పిల్లని భుజానికి ఆనించుకుని, ఇంకో చేత్తో నీళ్ళు కాచుకుంటోంది, తాగడానికి. మరిది గురక గదిలోంచి వినిపిస్తోంది. ఏడు గంటలు బండి నడిపాడు పాపం అనుకున్నాను. ఆ వెంటనే, ఆ ఏడు గంటలూ ఈ పిల్లతల్లి ఏం చేసిందో అని కూడా అనుకున్నాను.

పిల్లని నేను తీసుకుని, తనని స్టూలు మీద కూర్చోబెట్టాను. ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడిగాను, నిష్ఠూరంగానే.

"చేస్తే వద్దంటారు అక్కా" అంది. "మా అమ్మ వద్దంటుంది. అత్తయ్యగారు వద్దంటారు. మీరు మాత్రం రమ్మంటారా? పండగ వెళ్ళాక రామ్మా అంటారు. పండగ వెళ్ళాక ఈయనకి సెలవుండదు." కాసేపాగి, "మా ఇంట్లో అందరూ మంచివాళ్ళే. అమ్మ కాలు కింద పెట్టనివ్వదు. కానీ కిటికీ కూడా తియ్యనివ్వదు. మూడు నెలల నుంచి చెవుల్లో దూది పెట్టుకుని ఒకటే గోడ చూస్తున్నాను. ఒక్కసారి సముద్రం చూసి వెళ్ళిపోతాను" అంది.

చెప్పకుండా వచ్చారని నేను పళ్ళు నూరుకుంటున్నది ఈ మనిషి మీదా అనిపించింది. చెప్పడం అంటే నా దృష్టిలో కబురు. తన దృష్టిలో అది అర్జీ. అర్జీ పెట్టుకుంటే కొట్టేస్తారని తెలిసినవాళ్ళు పెట్టుకోకుండానే వస్తారు. మనిళ్ళలో మగవాళ్ళు చెప్పకుండా వస్తే చొరవ అంటాం. బాలింత చెప్పకుండా వస్తే బరితెగింపు అంటాం. మర్నాడు రాజమండ్రి నుంచి వచ్చిన ఫోన్లో వాళ్ళమ్మగారు వాడిన మాట కూడా దాదాపు అదే.

ఎందుకైనా మంచిదని తనని ఒకటి రెండు ప్రశ్నలు అడిగాను. కాన్పయిన మొదటి రెండు వారాల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉండేదే. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ మీద కూడా మనసు లేకపోతే, అది డాక్టరుకి చూపించాల్సిన జబ్బు. మనసు బాగోలేనివాళ్ళకి ఫోన్లో సలహా ఇచ్చే ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబరు 14416 మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది, మా వాడి పరీక్షల టెన్షన్ రోజుల నుంచీ. తనది ఆ జబ్బు కాదని నాకనిపించింది. తనకి గాలి ఆడటం లేదు, అంతే. అయినా నంబరు ఫోన్లో ఎక్కించుకోమన్నాను.

భోగి పొద్దున్న నాలుగున్నరకే మా అపార్ట్‌మెంట్ ముందు మంట లేచింది. మా ఊళ్ళో ఇప్పుడు భోగి మంటల్లో కట్టెలు తక్కువ, ప్లాస్టిక్కు ఎక్కువ. మా వాడు దించిన కుర్చీకి కూడా ప్లాస్టిక్ అల్లికే, ముందే పీకెయ్యాల్సింది, నాకు తట్టలేదు. మంచుతో కలిసి ఆ పొగ మూడో అంతస్తు దాకా పాకింది. అత్తగారు చంటిదాన్ని మంట దగ్గరికి తీసుకెళ్ళి వెచ్చబెడదామన్నారు. నేను కిటికీలు మూసేసి, వద్దన్నాను. కిటికీ తియ్యనివ్వట్లేదని రాత్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషికి పొద్దున్నే నేనూ కిటికీలు మూసిపెట్టాను. ఆ సంగతి తను నవ్వుతూ అంటే గాని నాకు తట్టలేదు.

ఎనిమిదింటికి మొదలయింది అసలు కథ. మూడో అంతస్తు వాళ్ళింటికి చంటిపిల్ల వచ్చిందిట అన్న కబురు లిఫ్టు కంటే వేగంగా పాకింది. మధ్యాహ్నం లోపు పదకొండు మంది వచ్చారు, లెక్కపెట్టాను. వచ్చినవాళ్ళు వచ్చినట్టు పిల్లని ఎత్తుకోవడం, బుగ్గ మీద ముద్దు, ఒక ఫోటో, "అచ్చం నాన్నమ్మ పోలికే" అన్న ఒక మాట, ఒక కాఫీ. కాఫీ నేను. పిల్ల ఏడిస్తే తల్లికి ఇచ్చెయ్యడం. పాలు పట్టి పడుకోబెట్టగానే ఇంకొకరు, "అయ్యో, పడుకుందా, ఒక్కసారి చూసి వెళ్ళిపోతాం."

అప్పుడు నేను గయ్యాళినయ్యాను. గుమ్మం పక్కన సబ్బు నీళ్ళ చెంబు పెట్టి, చెయ్యి కడుక్కోకపోతే పిల్లని ఇవ్వనన్నాను. ముద్దులు పాదాలకే, మొహానికి కాదన్నాను. రెండో అంతస్తు పెద్దాయన దగ్గుతూ వస్తే, ఆయన వయసుకి మర్యాద ఇస్తూనే, గుమ్మంలోంచే చూపించి పంపేశాను. ఆయన ఇప్పటికీ లిఫ్టులో నాతో మాట్లాడటం లేదు. నాకేం బాధ లేదు. పిల్లలకి ఆరు, పది, పద్నాలుగు వారాలకి పెంటావాలెంట్ టీకా వేస్తారు, అందులో కోరింత దగ్గుకి కాపు కూడా ఉంటుంది. మూడు నెలల పిల్లకి ఇంకా రెండు మోతాదులే పడ్డాయి. పెద్దాయనకి ఆ దగ్గు మామూలు దగ్గే కావచ్చు. చంటిపిల్లలకి మాత్రం అలాంటి దగ్గు ఊపిరి ఆడనివ్వదు.

అన్నట్టు, ఫోన్ చేసి రావాలన్న వాదనలో నాకు నిజంగా బలమున్నట్టు కనిపించే మాట ఇదొక్కటే. అంతకు ముందు వారమే మా వాడికి జలుబు, దగ్గు. వాళ్ళు ఆ వారం వచ్చి ఉంటే? చంటిపిల్లతో వచ్చేవాళ్ళు ఫోన్ చెయ్యాల్సింది నా పెరుగు కోసం కాదు, ఎదుటి ఇంట్లో ఎవరికైనా దగ్గుందేమో కనుక్కోవడం కోసం. నేనిది చెబితే మా మరిది బుర్ర గోక్కున్నాడు. ఆ కోణం వాడికి తట్టలేదట. నాకూ రాత్రి పదింటికి తట్టలేదు కదా, పెరుగే తట్టింది.

సాయంత్రం భోగిపళ్ళు. మధ్యాహ్నం మా ఆయన రైతుబజారుకి వెళ్ళి రేగిపళ్ళు, చెరకు, బంతిపూలు తెచ్చాడు. నానబెట్టిన శనగలు, చిల్లర నాణాలు కలిపి అత్తగారు పళ్ళెం సిద్ధం చేశారు. మూడు నెలల పిల్ల నెత్తిన చెరకు ముక్కలేమిటని నేను, మొదటి భోగికి పొయ్యకపోతే దిష్టి ఎలా పోతుందని ఆవిడ. చివరికి నాణాలు, శనగలు, చెరకు ముక్కలు తీసేసి, పిల్ల తండ్రి ఒళ్ళో ఉండగా పళ్ళెం మూడుసార్లు తిప్పి, పూరేకులు మాత్రం తల మీద వదిలారు. రేగిపళ్ళు మా ఇంటర్మీడియట్ ధీరుడి నెత్తిన పోశారు. ఆరడుగుల వాడు నేల మీద బాసింపట్టు వేసుకుని, మొహం ఎర్రగా చేసుకుని కూర్చుంటే పిల్ల వాడి వైపే చూస్తూ ఉంది. పండగ మొత్తంలో నాకు నచ్చిన అయిదు నిమిషాలు అవి.

మా పనమ్మాయి పండక్కి వాళ్ళ ఊరెళ్ళింది. సంక్రాంతికి విశాఖలో పనివాళ్ళెవరూ ఉండరు, ఉండాలనుకోవడం కూడా అన్యాయం. వాచ్‌మన్ భార్య మాత్రం ఉంది. శ్రీకాకుళం జిల్లా మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. సంక్రాంతి పొద్దున్న చంటిదానికి నీళ్ళు పొయ్యడానికి వచ్చింది. కాళ్ళు చాపుకుని, పిల్లని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, వేడినీళ్ళు తన మోచేతి మీద పోసి చూసుకుని, పది నిమిషాల్లో పిల్లని అరటిదూటలా తళతళలాడించింది. సాంబ్రాణి పొగ వెయ్యమని అత్తగారు అంటే నా వైపు చూసి ఆగింది. తేనె నాకించమంటే నేనే అడ్డం వెళ్ళాను. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు, దాంట్లో ఉండే ఒక సూక్ష్మజీవి వాళ్ళ పేగుల్లో విషం తయారుచేస్తుంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఇవన్నీ అత్తగారికి ఇదివరకే చెప్పాను, ఆవిడ ఎప్పటికప్పుడు కొత్తగా వింటారు.

పిల్లని తువ్వాల్లో చుట్టి తల్లి చేతికిస్తూ ఆ వాచ్‌మన్ భార్య అడిగింది: "నువ్వేటి తిన్నావమ్మా?"

తను ఏమీ చెప్పలేదు. నేను గడియారం చూశాను. పదకొండుంబావు.

అంతమంది వచ్చి వెళ్ళారు, అంతమంది ఎత్తుకున్నారు. పిల్ల బరువెంత, పాలు సరిపోతున్నాయా, రాత్రి పడుకుంటోందా, రంగు ఎవరిది – అన్నీ అడిగారు. పాలు సరిపోతున్నాయా అని ఆవు యజమానిని అడిగినట్టు అత్తగారిని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. తల్లిని ఏం తిన్నావని అడిగింది ఈమె ఒక్కతే. నేను కూడా అడగలేదు. నేను పదకొండు మందికి కాఫీ ఇచ్చాను, తనకి ఇచ్చానో లేదో గుర్తు లేదు. రోజుకి ఎనిమిది పదిసార్లు పాలిచ్చే మనిషి పొద్దుటి నుంచి ఖాళీ కడుపుతో నా ఇంట్లో, నా గదిలో, తలుపు వేసుకుని ఉంది. మీగడలాంటి మర్యాదలు చేశామని అనుకుంటున్నాం మేము.

చెప్పకుండా వచ్చిన చుట్టాల మీద నా కోపం అసలు ఎవరి మీదో అక్కడ తేలింది. ముగ్గురు మనుషులు అదనంగా రావడం బరువు కాదు. ఇల్లు ఇరుకైనా జనం పడతారు. ఆ బరువు మొత్తం ఒక్క జత చేతుల మీద పడటమే బరువు. ఆ కోపం గురక పెడుతున్నవాళ్ళ మీద చూపించే ధైర్యం లేక, నిద్ర లేని మనిషి మీద చూపిస్తాం. "ఒక్క ఫోన్ చేసి ఉంటే" అని మనం తోటి ఆడదాని మీద విసుక్కుంటున్నంతసేపూ హాల్లో ఉన్నవాళ్ళు హాయిగా జంతికలు తింటూ ఉంటారు. ముందే ఫోన్ చేసి ఉంటే ఏమయ్యేది? ఒక రోజు ముందు నుంచి నేనే వండటం మొదలుపెట్టేదాన్ని. అంతకు మించి ఏం మారేది?

చట్టం కూడా మా ఇంటి లాగే ఉంది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, అంటే 182 రోజులు, మొదటి ఇద్దరు పిల్లలకి. మంచి పని, నా కాన్పప్పుడు నాకు అందులో దాదాపు సగమే దొరికింది. తండ్రికి? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగి అయితే కంపెనీ దయ, చట్టంలో ఏమీ లేదు. మా మరిది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు. పిల్ల పుట్టాక శనాదివారాలు వచ్చి చూసి వెళ్ళేవాడు. పాపం, వాడికి పిల్లని ఎలా పట్టుకోవాలో కూడా సరిగా రాదు. రాకపోవడం వాడి తప్పని నేననను. నేర్చుకోకపోవడం మాత్రం తప్పే.

సంక్రాంతి మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను లేచి చేతులు కడుక్కుని మా గదిలోకి వెళ్ళి, తోడికోడలి పక్కన పడుకుని తలుపేసుకున్నాను. పిల్లని బయట హాల్లో తండ్రి ఒళ్ళో పెట్టాను. "ఆకలేస్తే తప్ప తలుపు కొట్టొద్దు. గిన్నెలు సింకులో ఉన్నాయి" అని చెప్పాను. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. లోపల తనకి ఒక్క నిమిషంలో నిద్ర పట్టేసింది. నాకు పట్టలేదు. బయట ఏం జరుగుతోందో వింటూ పడుకున్నాను. పిల్ల కాసేపు ఏడ్చింది. అత్తగారు "తల్లికి ఇచ్చెయ్యరా" అన్నారు రెండుసార్లు. మా వాడు ఏదో పాట పెట్టాడు. ఒక గ్లాసు పగిలింది. తర్వాత నిశ్శబ్దం. మూడు గంటల తర్వాత తలుపు తీస్తే పిల్ల మా వాడి ఛాతీ మీద బోర్లా పడుకుని ఉంది, వాడు కదలకుండా కళ్ళతోనే నన్ను తిడుతున్నాడు. అన్నదమ్ములిద్దరూ సింకు దగ్గర. కడాయికి అంటిన మాడు వదల్లేదు, అది మర్నాడు నేనే తోముకున్నాను. పొయ్యి గట్టు మీద నీళ్ళు వరద. అయినా మా తోడికోడలు మూడు గంటలు నిద్రపోయింది. మూడు నెలల్లో ఒకేసారి అంతసేపు పడుకోవడం అదే మొదటిసారి అంది.

అత్తగారు ఆ రాత్రి నాతో ముభావంగా ఉన్నారు. కొడుకులు గిన్నెలు తోమడం ఆవిడకి కష్టంగా ఉంది. ఆవిడకి ఇద్దరు పిల్లలు పుట్టినప్పుడు పదో రోజుకే పొయ్యి దగ్గర కూర్చోబెట్టారట, అది చెబుతూ, "మేము చెయ్యలేదా" అన్నారు. చేశారు. చెయ్యాల్సి రావడం మంచిదైందా అని అడగబోయి ఆగిపోయాను. ఆవిడ కూడా ఇంకేదో అనబోయి ఆగిపోయారు.

కనుమ నాడు కాకైనా కదలదు అంటారు కాబట్టి వాళ్ళు కదల్లేదు. ఆ రోజు మినుములు తినాలి కాబట్టి గారెలు. పిండి మా ఆయన రుబ్బాడు, నీళ్ళు ఎక్కువ పోశాడు, గారెలు నూనె తాగాయి. ఎవరూ ఏమీ అనలేదు. నేను ఒకటి అన్నాను.

ముక్కనుమ పొద్దున్న పెదజాలారిపేట వెళ్ళి పాల సొర చేప తెమ్మని అత్తగారు పెద్దకొడుకుని పురమాయించారు. బాలింతకి సొర పిట్టు పెడితే పాలు పడతాయన్నది మా సముద్రం ఒడ్డు వాళ్ళ నమ్మకం. ఇక్కడ మళ్ళీ నేను అడ్డం. సొర పెద్ద వేట చేప, చిన్న చేపల్ని తిని తిని వాటిలో ఉండే పాదరసమంతా తన ఒంట్లో పోగుచేసుకుంటుంది. పాలిచ్చే తల్లులు తినకూడని చేపల జాబితాలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ సొరని చేర్చింది. అదే సంస్థ నెత్తళ్ళని నిక్షేపంగా తినమంటుంది. కాబట్టి నెత్తళ్ళు. చింతకాయ వేసి పులుసు అత్తగారే పెట్టారు, ముభావం వదిలేసి. పిల్ల తల్లి పక్కన కూర్చుని, ముల్లు లేకుండా చూసి మరీ వడ్డించారు. "తిను, ఇంకో ముద్ద తిను" అంటుంటే, ఈవిడని ఎవరైనా పదో రోజున ఇలా కూర్చోబెట్టి ఉంటే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఎండ తగ్గాక తోడికోడల్ని తీసుకుని సముద్రం ఒడ్డున ఉన్న తెన్నేటి పార్కుకి వెళ్ళాను. పిల్లని ఇంట్లో వదిలేశాం, పాలిచ్చి, రెండు గంటల హామీ తీసుకుని. చెవుల్లో దూది మాత్రం పెట్టుకుంటానని అత్తగారికి మాటిచ్చింది, గేటు దాటగానే తీసేసింది. రైలింగు పట్టుకుని నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనే ఆ ఓడ కథ చెప్పాను. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ బంగ్లాదేశ్ సరుకు ఓడ ఒకటి లంగరు తెగి ఇదే ఒడ్డుకి కొట్టుకొచ్చి రాళ్ళలో కూరుకుపోయింది. దాని పేరు 'మా'. కరోనా రోజులని కూడా చూడకుండా ఊరు ఊరంతా వచ్చి దాని పక్కన సెల్ఫీలు దిగింది. దాన్ని అలాగే ఉంచి హోటలు చేద్దామని కూడా అనుకున్నారు. చెప్పకుండా వచ్చిన చుట్టం, మా ఊరివాళ్ళు ముందు ఫోటోలు తీసుకుని తర్వాత కాపురం పెట్టించే ఏర్పాట్లు చేశారు అన్నాను. తను నవ్వి, "ఓడలోవాళ్ళకి అన్నం ఎవరు పెట్టారు అక్కా?" అని అడిగింది.

ఈ కథ విని మా ఆఫీసులో ఒకావిడ, నువ్వు అలుసిచ్చావు, హద్దులు పెట్టుకోవాలి, ఈ రోజుల్లో ఎవరూ ఇలా ఊడిపడరు అంది. హద్దులు ఉండాలనే నేనూ అంటాను. కానీ ఆవిడ హద్దు గుమ్మం దగ్గర గీస్తోంది, నేను సింకు దగ్గర గీశాను. గుమ్మం దగ్గర గీస్తే వచ్చేవాళ్ళు తగ్గుతారు, ఇంట్లో పని చేసే మనిషి మాత్రం అదే మనిషి. పైగా మొదట ఆగిపోయేది ఎవరో తెలుసా? రాత్రి పదింటికి ఎవరింటికైనా వెళ్ళి కాలింగ్ బెల్ కొట్టగలిగే మొగవాడు కాదు. కిటికీ తియ్యని గదిలోంచి ఒక్కసారి బయటపడదామనుకున్న పిల్ల. అయినా ఆవిడ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఆ రాత్రి మా అత్తగారు మంచంలో ఉన్నా, మా వాడికి మర్నాడు పరీక్ష ఉన్నా ఈ వ్యాసం ఇలా ఉండేది కాదు. మా మరిదే కాన్పుకి ముందు రెండు పండగలు ఇలాగే ఊడిపడి సోఫా దిగకుండా వెళ్ళినప్పుడు నేను ఏ వ్యాసమూ రాయలేదు, గిన్నెలు తోముకున్నాను.

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. బండిలో సీటు ఇంకా లేదు, కొంటానన్నాడు. పిల్ల సాక్స్ ఒకటి సోఫా కింద దొరికింది.

మాఘమాసంలో మంచిరోజు చూసి అత్తగారు ముహూర్తం పెట్టించారు. అయిదో నెల, సారెతో రావాలి. ఆ రోజు చంటిది ఈ ఇంట్లో మొదటిసారి అడుగుపెడుతున్నట్టే లెక్క కాబట్టి, ఇంతకు ముందు వచ్చినట్టు ఎవరూ అనకూడదని మా అందరికీ తాకీదు. ఎవరెవరిని పిలవాలి, ఎవరేం చూసుకోవాలి అని ఒక కాగితం మీద రాయించారు, అది ఫ్రిజ్ మీద 14416 పక్కన అంటించి ఉంది. చివరి వరుసలో మా ఆయన తన పేరు రాసుకుని, పక్కన "గిన్నెలు" అని రాశాడు. దాని కింద అత్తగారి చేతిరాత, కొంచెం వణుకుతూ: "కడాయి తప్ప."